కంట్రోల్ జెడ్ తెలియక పోయిన మార్కులు: షార్ట్‌కట్లు మనకే ఎక్కువ అవసరం



ఇక్కడ పోడు పట్టాల గురించి, స్కాలర్‌షిప్‌ల గురించి, నోటిఫికేషన్ల గురించి పెద్ద పెద్ద పోస్టులు వస్తుంటాయి. నేను రాసేది చాలా చిన్న విషయం. కీబోర్డు మీద రెండు బటన్లు కలిపి నొక్కడం గురించి. "ఇది కూడా ఒక పోస్టేనా" అని కొందరికి అనిపించొచ్చు. కానీ ఆ రెండు బటన్లు తెలియకనే నాకు ఒక ప్రాక్టికల్ పోయింది. మార్కులకంటే ఎక్కువగా, నేను ఈ చదువుకు పనికిరానేమో అనే భయం పట్టుకుంది. ఆ భయం ఇప్పుడు డిగ్రీలో చేరుతున్న మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు రాకూడదనే రాస్తున్నా. పోస్టు పెద్దది, కొంచెం ఓపిగ్గా చదవండి.

నాది ఏజెన్సీలో ఒక కోయ గూడెం. పదో తరగతి వరకు ఆశ్రమ పాఠశాల. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. డిగ్రీలో కంప్యూటర్స్ తీసుకున్నా. చేరేనాటికి నాకు ఫోన్ బాగా వచ్చు, కీబోర్డు రాదు. మా స్కూల్లో కంప్యూటర్ గది ఉండేది, దానికి తాళం కూడా ఉండేది. అంతవరకే నాకు తెలుసు.

మొదటి సంవత్సరం ప్రాక్టికల్ పరీక్ష. హెచ్‌టీఎంఎల్‌లో ఒక పేజీ తయారు చేయమన్నారు. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో టైప్ చేస్తున్నా. గంటకు పైగా కష్టపడి టేబుల్, ఫారం అన్నీ రాశా. ఒక చోట పెద్ద 'ఎ' కావాలి. షిఫ్ట్ నొక్కబోయి కింద ఉన్న కంట్రోల్ నొక్కా. ఆ రెండూ ఎడమ చేతి మూలన ఒకదాని కింద ఒకటి ఉంటాయి కదా. స్క్రీన్ మీద రాసిందంతా రంగు మారింది. ఏమైందో అర్థం కాక తర్వాత అక్షరం కొట్టేశా. అంతే, నేను రాసిందంతా పోయి ఒక్క అక్షరం మిగిలింది.

నా చేతులు వణికాయి. ఫైల్ మూసి మళ్లీ తెరిస్తే పాతది వస్తుందేమో అనుకున్నా. మూయబోతే సేవ్ చేయాలా అని అడిగింది. సేవ్ అంటే కాపాడటమే కదా, అవును అని నొక్కా. మళ్లీ తెరిస్తే ఆ ఒక్క అక్షరమే ఉంది. సార్‌ని పిలిస్తే, "ఇంత కూడా రాకుండా కంప్యూటర్స్ ఎందుకు తీసుకున్నావయ్యా" అన్నారు. మిగిలిన టైంలో సగం పేజీ కూడా కాలేదు.

బయటకు వచ్చాక నా రూమ్మేట్ అన్నాడు: "అరేయ్, ఫైల్ మూసేముందు కంట్రోల్ జెడ్ కొడితే మొత్తం వచ్చేది కదరా."

ఆ రాత్రి అన్నం తినలేదు. కష్టపడి నేర్చుకున్న హెచ్‌టీఎంఎల్ నాకు వచ్చు. రానిది కంట్రోల్ జెడ్. అది ఏ పుస్తకంలోనూ లేదు, ఏ క్లాసులోనూ చెప్పలేదు. అందరికీ తెలిసే ఉంటుందని అనుకుంటారు. ఇంట్లో కంప్యూటర్ ఉన్న పిల్లలకు అది ఆరో తరగతిలోనే ఆడుకుంటూ వచ్చేస్తుంది. ఎవరో నేర్పారన్న సంగతి కూడా వాళ్లకు గుర్తుండదు. అందుకే రానివాడిని చూస్తే తెలివి లేదనుకుంటారు. మనం కూడా అలాగే అనుకుంటాం. నా మొదటి మాట ఇదే: ఇది తెలివికి సంబంధించింది కాదు. బటన్ల మీద చేయి ఎన్ని గంటలు తిరిగింది అన్నదానికి సంబంధించింది.

ఈ మాట మా సీనియర్ అన్న ఒకరితో అంటే ఆయన ఒప్పుకోలేదు. "షార్ట్‌కట్లు బట్టీ పడితే ప్రోగ్రామర్ అవుతావా? లాజిక్ నేర్చుకో. మౌస్‌తో చేసినా అదే పని అవుద్ది" అన్నారు. ఆయన మాటలో నిజం ఉంది. లాజిక్ లేకుండా వంద షార్ట్‌కట్లు తెలిసినా లాభం లేదు. కానీ ఆ అన్న దగ్గర సొంత ల్యాప్‌టాప్ ఉంది. రాత్రి రెండింటి వరకు కూర్చుని మౌస్‌తో నిదానంగా చేసుకున్నా ఆయనకు నడుస్తుంది.

మన సంగతి చూడండి. మాకు వారానికి ఒక ల్యాబ్, రెండు గంటలు. ఒక్కో కంప్యూటర్‌కు ముగ్గురం. నా వంతుకు నలభై నిమిషాలు వస్తే గొప్ప. మధ్యలో కరెంటు పోతే అదీ లేదు. కొన్ని మౌస్‌లు కదిలించినా కదలవు. ఆ నలభై నిమిషాల్లో పైకెళ్లి మెనూ తెరిచి, కాపీ ఎక్కడుందో వెతికి, మళ్లీ కిందికొచ్చి పేస్ట్ చేస్తూ పదిహేను నిమిషాలు పోతే ఇక లాజిక్ నేర్చుకునేది ఎప్పుడు? అందుకే నా అభిప్రాయం ఏంటంటే, కంప్యూటర్ తక్కువసేపు దొరికేవాడికే షార్ట్‌కట్లు ఎక్కువ అవసరం. ఉన్నవాడికి అది సౌకర్యం. మనకు టైం మిగలాలంటే వేరే దారి లేదు.

ఇక నేర్చుకోవడం, గుర్తుపెట్టుకోవడం గురించి. ఇక్కడ నేను చేసిన తప్పు ముందు చెప్తా.

ఆ పరీక్ష తర్వాత పంతం పట్టి నెట్‌లో ఒక పెద్ద లిస్ట్ చూసి చార్టు మీద స్కెచ్ పెన్నుతో అన్నీ రాసి హాస్టల్ గోడకు అంటించా. పొద్దున లేవగానే ఎక్కాల్లాగా చదివేవాడిని. పది రోజుల తర్వాత ల్యాబ్‌కు వెళ్తే ఒక్కటీ గుర్తు రాలేదు. పైగా కలగాపులగం అయ్యాయి. ఎందుకో తర్వాత తెలిసింది. ఒకే షార్ట్‌కట్ ఒక్కో చోట ఒక్కో పని చేస్తుంది. కంట్రోల్ డి చూడండి. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో కొడితే ఉన్న లైన్ కింద అదే లైన్ ఇంకొకటి వస్తుంది. వీఎస్ కోడ్‌లో కొడితే అదే పదం తర్వాత ఎక్కడుందో దాన్ని కూడా పట్టుకుంటుంది. బ్రౌజర్‌లో కొడితే పేజీని బుక్‌మార్క్ చేస్తుంది. లైనక్స్ టెర్మినల్‌లో ఖాళీ లైన్ మీద కొడితే మనల్ని బయటకే పంపిస్తుంది. ఇవన్నీ ఒకే చార్టు మీద రాసి బట్టీ పడితే బుర్ర పాడవడం తప్ప ఇంకేం అవుతుంది?

వేసవి సెలవుల్లో ఇంటికి వెళ్లా. తునికాకు రోజులు. తెల్లారకముందే అమ్మతో అడవికి పోయి, ఎండ ముదిరేలోపు తిరిగొచ్చి, చెట్టు కింద కూర్చుని కట్టలు కట్టడం. కట్టకు 50 ఆకులు. అమ్మ పక్కింటి వదినతో మాట్లాడుతూనే ఉంటుంది, చేతులు ఆకులు సర్దుతూనే ఉంటాయి. నార చుట్టి పక్కన పడేసిన కట్ట విప్పి లెక్కపెడితే సరిగ్గా 50. "ఎట్లా లెక్కపెడ్తున్నవమ్మా, మాటల్లో మర్చిపోవా" అని అడిగా. కాసేపు ఆలోచించి, "ఏమో రా, చెప్పరాదు. చూడు" అని ఇంకో కట్ట కట్టి చూపించింది. చెప్పాలని ప్రయత్నిస్తే లెక్క తప్పింది కూడా.

అప్పుడు నాకు అర్థమైంది. అమ్మ లెక్క తలలో లేదు, వేళ్లలో ఉంది. అది గోడ మీది చార్టు చూసి రాలేదు. చిన్నప్పటి నుంచి ఆకులు పట్టుకుంటే వచ్చింది. షార్ట్‌కట్ కూడా అంతే. ఇప్పుడు నన్ను ఎవరైనా "లైన్ చివరి వరకు ఎలా సెలెక్ట్ చేయాలి" అని అడిగితే నోటితో వెంటనే చెప్పలేను. చేతిని గాల్లో కదిపి చూసుకుని, "ఆ, షిఫ్ట్ ఎండ్" అంటా.

ఆ తర్వాత పద్ధతి మార్చా. ఎక్కడ ఇబ్బంది పడ్డానో అక్కడికి ఒక్క షార్ట్‌కట్. వారానికి మూడే. చిన్న చీటీ మీద ఆ మూడే రాసుకుని జేబులో పెట్టుకునేవాడిని. ల్యాబ్‌లో ఆ మూడు పనులకు మాత్రం మౌస్ ముట్టుకోకూడదని నాకు నేనే రూల్ పెట్టుకున్నా. మర్చిపోతే చీటీ చూసుకోవడమే, మౌస్ మాత్రం పట్టుకోవద్దు. మొదటి వారం నిజంగానే ఇంకా స్లో అయ్యా. నా పక్కన కూర్చున్నవాళ్లు విసుక్కున్నారు. మూడో వారానికి చీటీ అవసరం రాలేదు. ల్యాబ్ లేని రోజుల్లో అట్ట మీద కీబోర్డు గీసుకుని దాని మీద వేళ్లు పెట్టి ఆడించేవాడిని. నవ్వారు. నవ్వనివ్వండి.

కొత్తగా చేరే తమ్ముళ్లు, చెల్లెళ్లు ముందు ఎక్కువ చోట్ల ఒకేలా పనిచేసేవి నేర్చుకోండి. పోయింది తిరిగి రావాలంటే కంట్రోల్ జెడ్. ఇది అన్నిటికంటే ముందు. తర్వాత కంట్రోల్ ఎస్, అంటే సేవ్. కరెంటు పోయే చోట ప్రతి నాలుగు లైన్లకోసారి అది కొట్టడం అలవాటు చేసుకోండి. కత్తిరించడానికి కంట్రోల్ ఎక్స్, కాపీకి కంట్రోల్ సి, అతికించడానికి కంట్రోల్ వి. జెడ్, ఎక్స్, సి, వి నాలుగూ కింది వరుసలో కంట్రోల్ పక్కనే వరుసగా ఉంటాయి, ఎడమ చేయి కదపక్కర్లేదు. ఎక్స్ విప్పిన కత్తెరలా ఉంటుందని గుర్తు పెట్టుకోండి. వెతకడానికి కంట్రోల్ ఎఫ్. లైన్ మొదటికి హోమ్, చివరికి ఎండ్. కంట్రోల్ పట్టుకుని పక్క బాణం కొడితే పదం పదం దూకుతుంది. దానికి షిఫ్ట్ కూడా కలిపితే దూకినంత మేరా సెలెక్ట్ అవుతుంది. ఇవి చేతికి వచ్చాకే మీ ఎడిటర్‌లో ప్రత్యేకంగా ఉన్నవాటి జోలికి పోండి.

ఈ కట్, కాపీ, పేస్ట్ ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1970లలో అమెరికాలో జిరాక్స్ పార్క్ అనే పరిశోధన కేంద్రంలో లారీ టెస్లర్ అనే ఆయన, తోటివాళ్లతో కలిసి, కంప్యూటర్ రానివాళ్లు కూడా వాడగలగాలని దీన్ని తయారు చేశారు. ఆయన 2020లో చనిపోయారు. కంప్యూటర్ రానివాళ్ల కోసం చేసినదాన్ని మనం రాదని సిగ్గుపడటం ఎంత విచిత్రమో చూడండి.

రెండో సంవత్సరంలో లైనక్స్ ల్యాబ్ వచ్చింది. అక్కడ విమ్ అనే ఎడిటర్. తెరిచా. టైప్ చేస్తే అక్షరాలు పడటం లేదు, ఏవేవో జరుగుతున్నాయి. మూయడం కూడా రాలేదు. మళ్లీ పాత భయం వచ్చింది. కానీ ఈసారి తలవంచుకోకుండా నెట్‌లో వెతికా. విమ్‌లోంచి బయటకు రావడం ఎలా అనే ప్రశ్నను పది లక్షల సార్లకు పైగా చూశారని స్టాక్ ఓవర్‌ఫ్లో 2017లోనే ప్రకటించింది. ప్రపంచంలో అంతమంది ప్రోగ్రామర్లు ఇరుక్కున్న చోటే నేనూ ఇరుక్కున్నా. నిజం చెప్తున్నా, ఆ రోజు చాలా ధైర్యం వచ్చింది. మార్గం ఇదీ: ఎస్కేప్ కొట్టి, కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం కొట్టి ఎంటర్ నొక్కితే సేవ్ చేయకుండా బయటకు. కోలన్, డబ్ల్యూ, క్యూ కొడితే సేవ్ చేసి బయటకు.

విమ్‌లో కర్సర్ కదపడానికి హెచ్, జె, కె, ఎల్ వాడతారు. ఇదేం పిచ్చి అనుకున్నా. దానికీ కారణం ఉంది. విమ్‌కు ముందున్న విఐ అనే ఎడిటర్‌ను బిల్ జాయ్ 1976లో బర్క్‌లీలో చదువుకునే రోజుల్లో రాశారు. ఆయన వాడిన ఏడీఎం 3ఎ అనే టెర్మినల్ కీబోర్డులో బాణాలకు వేరే బటన్లు లేవు, ఈ నాలుగు అక్షరాల మీదే బాణం గుర్తులు ఉండేవి. ఉన్నదాంతో సరిపెట్టుకుని చేసినదే ఇప్పటిదాకా నడుస్తోంది. కారణం తెలిశాక మర్చిపోవడం కష్టం.

ఇంకో సంగతి కూడా కనిపెట్టా. విమ్‌లో ఇవి విడివిడి షార్ట్‌కట్లు కావు, మాటల్లాగా కలుస్తాయి. డి అంటే తీసెయ్, డబ్ల్యూ అంటే పదం. డి, డబ్ల్యూ కొడితే పదం తీసెయ్ అని. సి అంటే మార్చు, సి, డబ్ల్యూ కొడితే పదం మార్చు అని. డి రెండుసార్లు కొడితే లైన్ మొత్తం పోతుంది. మన మాటలో క్రియ చివర వస్తుంది, ఇక్కడ ముందు వస్తుంది, అంతే తేడా. నాలుగు క్రియలు, ఐదు నామవాచకాలు నేర్చుకుంటే ఇరవై వాక్యాలు వస్తాయి. ఇంట్లో కోయ మాట, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు నేర్చుకున్నవాళ్లం మనం. ఇంకో చిన్న భాష మనకు కష్టమా?

విమ్‌తో పాటు విమ్‌ట్యూటర్ అనే పాఠం ఉంటుంది. అరగంట పని. అది చదివించదు, చేయిస్తుంది. అందుకే గుర్తుంటుంది. విమ్‌ను తయారు చేసిన బ్రామ్ మోలెనార్ నెదర్లాండ్స్ ఆయన. 1991లో మొదట విడుదల చేశారు. ఆయన ఉగాండాలోని కిబాలే అనే ప్రాంతానికి వెళ్లి పనిచేసి వచ్చి, విమ్ వాడేవాళ్లు అక్కడి పిల్లల చదువుకు డబ్బు ఇవ్వండి అన్నారు. ఆ విన్నపం విమ్ తెరవగానే కనిపిస్తుంది. 2023లో ఆయన చనిపోయారు. మనం కూడా ఒకరి విన్నపంలో కనిపించే పిల్లలుగా మిగిలిపోకుండా, ఆ ఎడిటర్‌లో కూర్చుని పని చేసేవాళ్లం కావాలని నా ఆశ.

తెలుగు టైపింగ్ గురించి ఒక మాట. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు కష్టమని చాలామంది వదిలేస్తారు. అందులో అచ్చులు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి. ఇంగ్లీషు కె ఉన్నచోట క, దానికి షిఫ్ట్ కలిపితే ఖ. గ, ద, జ లకు కూడా అంతే, షిఫ్ట్ కలిపితే ఘ, ధ, ఝ. ఒకసారి తెలుగుకు వస్తే అదే చోట్ల హిందీ కూడా వస్తుంది. మా నానమ్మ చెప్పే కోయ కథలు తెలుగు లిపిలో టైప్ చేయడం మొదలుపెట్టా. ఇప్పటికి నాలుగయ్యాయి. అవి పోకూడదని ప్రతి రెండు లైన్లకు కంట్రోల్ ఎస్ కొడుతున్నా. నానమ్మ పోతే ఆ కథలకు కంట్రోల్ జెడ్ లేదు.

చివరగా నేను అడిగేది నాలుగు మాటలు.

ఒకటి, సీనియర్లు. మీ హాస్టల్‌లో ఆదివారం ఒక్క గంట జూనియర్లను కూర్చోబెట్టండి. పది షార్ట్‌కట్లు చాలు. ల్యాప్‌టాప్ ఒక్కటి ఉన్నా చాలు, మిగతావాళ్లు అట్ట కీబోర్డు మీద వేళ్లు పెడతారు.

రెండు, కంప్యూటర్ లేనివాళ్లు. ఓటీజీ ఉండే ఆండ్రాయిడ్ ఫోన్‌కు చిన్న ఓటీజీ కనెక్టర్‌తో మామూలు కీబోర్డు తగిలించొచ్చు. కాపీ, పేస్ట్, సెలెక్ట్ ఆల్ వంటివి ఫోన్‌లో కూడా పనిచేస్తాయి. మేము ఆరుగురం డబ్బులు వేసుకుని ఒక పాత కీబోర్డు కొన్నాం. వంతులవారీగా వాడుతున్నాం.

మూడు, మనం అడగాల్సింది. హాస్టల్‌కు టీవీ అడుగుతాం, ఫ్యాన్లు అడుగుతాం. నాలుగు కంప్యూటర్లు, పనిచేసే నాలుగు మౌస్‌లు, తాళం తీసి ఉండే ఒక గది కూడా అడుగుదాం. షార్ట్‌కట్లు నేర్చుకున్నాం కదా అని ముగ్గురికి ఒక కంప్యూటర్‌తో సర్దుకుపోవాల్సిన పని లేదు.

నాలుగు, రానివాడిని చూసి నవ్వకండి. బయటివాళ్లు నవ్వితే తట్టుకోవచ్చు, మనవాళ్లే నవ్వితే వాడు ల్యాబ్‌కు రావడం మానేస్తాడు. నేను రెండు వారాలు మానేశా, అందుకే చెప్తున్నా.

మీకు ఎప్పుడైనా పని కాపాడిన ఒక్క షార్ట్‌కట్ కింద రాయండి. ఒక్కటే, మీరు నిజంగా వాడేది. ఎప్పుడు, ఎలా కాపాడిందో కూడా రాయండి, అప్పుడే చదివేవాళ్లకు గుర్తుంటుంది. నేను రాసినదాంట్లో తప్పులుంటే సరిదిద్దండి, దిద్దుకుంటా.

జై ఆదివాసీ.